చేతిరాత, తలరాత

లోకంలో జబ్బులు రెండు రకాలు: నలుగురికీ చెప్పుకునేవి, ఎవరికీ చెప్పుకోలేనివి. మా కార్వేటినగరంలో ఎవరికైనా కాలు విరిగిందనుకోండి, పది నిమిషాల్లో పదిమంది చేరి ‘పుత్తూరు కట్టు కట్టించుకో’ అంటారు. ఆ కట్టుతో బజారులో కుంటుతూ పోయేవాడికి దొరికే మర్యాద కొత్త పెళ్ళికొడుక్కి కూడా దొరకదు. మనసు విరిగితే మాత్రం అడిగే దిక్కుండదు. దానికీ మాత్రలున్నాయి గానీ, జేబులో దాచుకు తిరగాలి.

నాది ఆ రెండో రకం జబ్బు. ఒకప్పుడు వారం రోజులు కంటిమీద కునుకు లేకుండా, వేణుగోపాలస్వామి గుడికీ స్కంద పుష్కరిణికీ మధ్య తిరుగుతూ, ఊరికంతా ఉచితంగా కాలేజీ కట్టిస్తానని కనబడ్డ ప్రతివాడికీ మాట ఇచ్చాను. ఆ తర్వాత మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకుని, అన్నం తినమంటే ఏడ్చాను. తిరుపతి డాక్టరుగారు లిథియం మాత్రలు రాశారు. కాలేజీ ఆగిపోయింది, ఏడుపూ ఆగిపోయింది. నా సంసారం నిలబడింది.

అయితే మందు ఒంటరిగా వస్తుందా? అద్దెకొచ్చినవాడిలా తన సామానంతా వెంట తెచ్చుకుంది. ఎంత తాగినా తీరని దాహం, రాత్రి మూడుసార్లు లేవడం, చాలకుండా పోయిన పాత ప్యాంట్లు. వీటన్నిటితోనూ సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఒక్క చేతి వణుకుతోనే.

ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా, ఎవరికైనా అర్జీ పెట్టాలన్నా మా వీధివాళ్ళు నా దగ్గరికే వచ్చేవారు. ముత్యాల్లాంటి రాత అనేవారు. ఆ ముత్యాలు ఇప్పుడు దారం తెగినట్టు తలో దిక్కూ దొర్లుతున్నాయి. టీ అంగట్లో గ్లాసు పట్టుకుంటే సగం నాకు, సగం నా చొక్కాకు. “ఏం అయ్యోరా, చెయ్యి అట్లా వణకతా ఉండాదే! రాత్రి కొంచెం ఎక్కువైందా?” అని ఒక కుర్రాడు కన్ను గీటాడు. జన్మలో చుక్క ముట్టనివాడికి ఇంతకంటే సన్మానం ఏముంటుంది చెప్పండి! మాత్రల సంగతి చెప్పడంకంటే తాగుబోతు అనిపించుకోవడమే నయమని ఒక్క క్షణం నాకూ అనిపించింది. అలా ఉంది మన లోకం.

ఇంటికొచ్చి, “ఈ మాత్రలు మానేస్తే ఎట్లా ఉంటుంది?” అన్నాను. మా ఆవిడ తెడ్డుతో సంగటి కెలుకుతూ, తలెత్తకుండానే, “మీకు చేతిరాత కావాల్నా, తలరాత కావాల్నా?” అంది. కాస్సేపాగి తనే, “రెండూ కావాలంటే డాక్టర్నే అడగండి. ఆయప్ప ఇచ్చిన మందు ఆయప్పకు చెప్పకుండా ఎట్లా మానతారు?” అంది.

అడిగాను. ఆయన రక్తపరీక్ష చేయించి, మోతాదు కొంచెం తగ్గించి, రెండు పూటల మాత్రలనూ రాత్రి భోజనం తర్వాతకు మార్చారు. వణుకు జోరంతా నిద్రలోనే గడిచిపోతుందట. ఉన్నట్టుండి మానేస్తే మాత్రం పాత జబ్బు మళ్ళీ తిరగబెట్టే ప్రమాదం ఉందన్నారు.

ఈ లిథియం కథ తమాషా అయినది. ఇదీ ఒక జాతి ఉప్పే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు దీన్ని ఉన్మాద రోగులకిచ్చి, గుణం కనబడిందని వైద్యపత్రికలో రాశాడు. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో గుండెజబ్బువాళ్ళు మామూలు ఉప్పుకు బదులు లిథియం ఉప్పు చల్లుకు తిని, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అక్కడ దాన్ని ఈ జబ్బుకు మందుగా ఒప్పుకునేసరికి 1970 వచ్చింది. మందుకూ విషానికీ నడుమ దూరం అంత తక్కువ. అందుకే మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి కొలుస్తారు. కిడ్నీలనూ, థైరాయిడ్‌నూ కూడా అప్పుడప్పుడూ చూస్తారు.

ఇందులో మన వంటింటి ఉప్పుకూ వాటా ఉంది. ఒంట్లో ఉప్పూ నీళ్ళూ తగ్గితే, ఉన్న ఉప్పును పోనీకుండా పట్టుకోబోయి కిడ్నీలు లిథియాన్ని కూడా పట్టేసుకుంటాయి. కాబట్టి మా చిత్తూరు ఎండల్లో చెమటలు ధారకట్టినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, నిర్జల ఉపవాసమున్నా చిక్కే. పొరుగాయన బి.పి. వచ్చి ఉప్పు తగ్గించాడు. నన్నూ తగ్గించమని రోజూ ఉపదేశం. ఆయనకది మంచిదే. నేను డాక్టరును అడక్కుండా ఉప్పు తగ్గించనూకూడదు, పెంచనూకూడదు. మందుల అంగట్లో అడిగి కొనే నొప్పి మాత్రల్లో కొన్నిటికీ దీనికీ అసలు పడదు. వణుకు ముదిరి, నడక తూలి, మాట తడబడి, వాంతులు మొదలైతే ఓర్చుకు కూర్చోవడం కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు వణుకు సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. టీ అంగట్లో సగం గ్లాసు చొప్పున రెండుసార్లు పోయించుకుంటున్నాను. కన్ను గీటిన కుర్రాడికీ చెప్పేశాను: “ఇది మందు వణుకే నాయనా, కానీ నువ్వనుకునే మందు కాదు.”

వాడు నవ్వలేదు. అందరూ లేచిపోయాక పక్కన చేరి, “మా చెల్లికీ ఇట్లాంటి మాత్రలేవో ఇచ్చినారు అయ్యోరా. పొద్దంతా మత్తుగా ఉండాదని పారేస్తా ఉంది. ఎవురికి చెప్పాల్నో తెలీలేదు” అన్నాడు.

“పారేయొద్దని చెప్పు. ఏమేం బాధలున్నాయో కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టమను. మోతాదు మార్చొచ్చు, వేళ మార్చొచ్చు, మందే మార్చొచ్చు. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416కి ఫోన్ చేయమను. 2022లో పెట్టిన ప్రభుత్వ నంబరు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు” అన్నాను.

“మీరే రాసియ్యండి” అని చీటీ, పెన్నూ చేతికిచ్చాడు.

రాసిచ్చాను. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. వాడు ఎక్కడా తడుముకోకుండా చదివేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.