సైకిల్ మానమన్న డాక్టరు



ముప్పై ఏళ్ళకు పైగా గడిచింది. విస్సన్నపేటలో నేను ప్రాక్టీసు చేస్తున్న రోజులు. మోకాలి నొప్పితో వచ్చిన ఒక మనిషికి సైకిల్ తొక్కడం మానెయ్యమని సలహా ఇచ్చాను. ఆ సలహా తప్పని నాకు తెలిసింది ఉద్యోగ విరమణ చేసిన తరువాత. తెలియజెప్పినవాడు వైద్యుడు కాదు, మా ఊరి సైకిల్ మేస్త్రీ. ఆ సంగతి మీకు చెప్పాలంటే ముందు మా ఆదివారపు గోష్ఠిని పరిచయం చేయాలి.

ప్రతి ఆదివారం తెల్లవారకముందే మేము నలుగురం కలుస్తాం. నలుగురికీ ఉన్న ఉమ్మడి వ్యసనం పాత ఉక్కు సైకిళ్ళు. ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు. తొలి జీతాలు కూడబెట్టి కొన్న హెర్క్యులెస్ ఆయనది. ఇంకొకరు విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి విరమించినవారు. ఆసన్‌సోల్‌లో తయారైన సేన్ ర్యాలీ ఆయనకు తండ్రి ఇచ్చిన ఆస్తి. మూడవవాడు మామిడి తోటల రైతు బిడ్డ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బెంగుళూరులో ఎవరి దగ్గరో పాతది కొనుక్కున్న బ్రిటిష్ టూరింగ్ సైకిల్ అతనికి ప్రాణం. నాలుగవవాణ్ణి నేను. మెడిసిన్ చదివే రోజుల్లో తొక్కిన సైకిల్‌ను అటక మీది నుంచి దింపించి బాగుచేయించుకున్నాను. తిరువూరు వైపో నూజివీడు వైపో బయలుదేరతాం. మాది మెట్ట ప్రాంతం. రోడ్డు చిన్న చిన్న ఎత్తులెక్కుతూ, దిగుతూ మామిడి తోటల మధ్యగా పోతుంది. దారిలో ఒక టీ కొట్టు దగ్గర సైకిళ్ళు నిలబెట్టి, బెల్లు మోతలో ఎవరిది మేలో, డైనమో ఎవరిది వెలుగుతుందో వాదించుకుంటాం. పిల్లకాయలు మమ్మల్ని చూసి నవ్వుతారు. మాకు అభ్యంతరం లేదు.

టూరింగ్ సైకిల్ అంటే సామానుతో దూర ప్రయాణాలకు కట్టిన సైకిల్. రెండు చక్రాల మధ్య దూరం కొంచెం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల సైకిల్ నిలకడగా పోతుంది. మడ్‌గార్డులు, గట్టి క్యారేజీ, లావు టైర్లు, ఎత్తులెక్కడానికి తేలిక గేర్లు ఉంటాయి. మా కుర్రవాడి సైకిల్ ఫ్రేము రేనాల్డ్స్ 531 అనే ఉక్కు గొట్టాలతో చేసింది. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఆ ఉక్కును ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1935లో మొదట తయారుచేశారు. గట్టిదనం వల్ల గొట్టాన్ని పలుచగా చేయవచ్చు, బరువు తగ్గుతుంది. మన సైకిళ్ళది మామూలు ఉక్కు కనుక బరువు ఇరవై కిలోల దరిదాపుకు వస్తుంది. అయినా రెండూ ఒక వంశానివే. గొట్టాలు కలిసేచోట ఉక్కు తొడుగులు పెట్టి, ఇత్తడి కరిగించి అతికిస్తారు. విరిగితే మండల కేంద్రంలోని గ్యాస్ వెల్డింగు షాపులో కూడా మళ్ళీ అతికించుకోవచ్చు. ఉక్కుకు మరో గుణం ఉన్నది. ఒక పరిమితికి లోబడిన ఒత్తిడిని అది ఎన్ని లక్షల సార్లయినా అలసిపోకుండా భరిస్తుంది. అల్యూమినియానికి అటువంటి పరిమితి లేదు, చిన్న ఒత్తిళ్ళు కూడా దానిలో పోగవుతూ వస్తాయి. తాత సైకిల్ మనవడికి దక్కడానికి ఇదొక కారణం.

“ఉక్కు ఫ్రేము గతుకులను మింగేస్తుంది” అని మా ఉపాధ్యాయ మిత్రుడు గర్వంగా అంటారు. వైద్యుణ్ణి కనుక నిజం చెప్పాలి. గతుకులను ఎక్కువగా మింగేది టైర్లలోని గాలి, ఆ తరువాత సీటు స్ప్రింగులు. ఫ్రేము వంతు స్వల్పం. ఈ మాట అన్నందుకు ఆయన నాతో ఒక వారం మాట్లాడలేదు.

ఈ సైకిళ్ళ వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. 1923 అక్టోబరులో ఆరుగురు పార్సీ యువకులు బొంబాయి నుంచి సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా అనే ముగ్గురు సుమారు డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో ఇల్లు చేరారు. 1963లో డెర్వ్లా మర్ఫీ అనే ఐరిష్ మహిళ ఒంటరిగా ఐర్లండు నుంచి మన దేశం దాకా సైకిల్ మీద వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశంలో సైకిళ్ళ తయారీ పుంజుకున్నది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళేవారని మన పెద్దలు చెప్పుకునేది ఇటువంటి సైకిళ్ళ కాలంలోనే.

ఇక వైద్యం సంగతి. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు చికిత్స చేసిన హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్. గుండె జబ్బు వచ్చినవారిని మంచానికి కట్టిపడేసే ఆ రోజుల్లో ఆయన నడవమన్నాడు, సైకిల్ తొక్కమన్నాడు, వృద్ధాప్యంలో తానూ తొక్కాడు. కోపెన్‌హాగెన్‌లో సుమారు 30 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పనికి సైకిల్ మీద వెళ్ళేవారితో పోలిస్తే వెళ్ళనివారిలో మరణాల రేటు 39 శాతం ఎక్కువగా కనిపించింది. 2017లో బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా పరిశీలించినప్పుడు కూడా ఫలితం ఆ దిశలోనే వచ్చింది. ఇవి గమనించి వ్రాసిన లెక్కలు. ఆరోగ్యంగా ఉన్నవారే సైకిల్ ఎక్కుతారేమో అన్న అనుమానాన్ని ఇవి పూర్తిగా తీర్చలేవు. అయినా తొడ కండరాలు పనిచేస్తే రక్తంలోని చక్కెరను అవి వాడుకుంటాయన్నదీ, శరీరం బరువును సీటు మోస్తుంది కనుక మోకాలి మీద భారం తగ్గుతుందన్నదీ సందేహం లేని విషయాలు.

ఇదంతా పుస్తకాలలో చదివినవాణ్ణే నేను. అయినా 1991లో ఏం చేశానో వినండి.

ఆయన బట్టల మూట క్యారేజీకి కట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్మేవారు. వయసు నలభై అయిదు ఉంటుంది. మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప వెనుక నొప్పి అన్నారు. చిప్ప మీద నొక్కి చూశాను, బిళ్ళలు వ్రాశాను, “సైకిల్ మానెయ్యండి, మోకాళ్ళు అరిగిపోతాయి” అన్నాను. అయిదు నిమిషాల పని. బయట గోడకు చేరవేసి ఉన్న సైకిల్ వైపు చూడలేదు. ఆయన నా మాట వేదంగా తీసుకున్నారు. సైకిల్ అమ్మి బజారులో చిన్న కొట్టు పెట్టుకొని కూర్చున్నారు. కొన్నేళ్ళకు మధుమేహంతో వచ్చారు. బరువు పెరిగింది, మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది. మధుమేహం వారి ఇంట్లో ఉన్న జబ్బే. సైకిల్ తొక్కి ఉంటే రాకపోయేదని నేను చెప్పలేను. కాని రోజుకు నాలుగయిదు గంటలు కదిలే శరీరాన్ని కూర్చోబెట్టింది మాత్రం నేనే.

నా సైకిల్ బాగుచేయించుకున్న నెలలోనే నాకూ సరిగ్గా అక్కడే నొప్పి వచ్చింది. మేస్త్రీతో అంటే, అతడు నన్ను సైకిలెక్కించి పక్కన నిలబడి చూశాడు.

“డాక్టరు గారూ, సీటు బాగా కిందకుందండి. పెడల్ పైకొచ్చేసరికి మోకాలు పొట్టకు తగులుతోంది. నొప్పి రాక ఏమవుతుంది?”

రెండంగుళాలు లేపాడు. పది రోజులలో నొప్పి తగ్గింది. మోకాలు ఎక్కువగా మడిచి బలం ఉపయోగిస్తే చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. ఈ పాఠం నేను పరీక్షలో వ్రాసిందే. సీటు కింది బోల్టుకూ దానికీ సంబంధం ఉన్నదని తోచలేదు.

ఆ రాత్రి బట్టల వ్యాపారి గుర్తుకు వచ్చారు. మరునాడు వారింటికి వెళ్ళాను. ఇప్పుడు డెబ్భై దాటి చాలా ఏళ్ళయింది. కర్ర సాయంతో నడుస్తున్నారు. “అప్పుడు మీకు తప్పు చెప్పానండీ. సీటు లేపితే సరిపోయేదేమో” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “సీటు లేపితే కాళ్ళు నేలకు అందవు గదండీ డాక్టరు గారూ. వెనక అంత ఎత్తున మూట. ఆగినప్పుడు కాళ్ళు రెండూ ఆనించకపోతే బండి ఒరిగిపోయేది” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. సీటు తక్కువ పెట్టుకోవడం ఆయన అజ్ఞానం కాదు, అవసరం. మరుసటి ఆదివారం మా కుర్రవాడి టూరింగ్ సైకిల్‌ను కొత్తగా చూశాను. దానికి సామాను క్యారేజీ మీద ఎత్తుగా ఉండదు. చక్రానికి రెండు వైపులా సంచులు ఇరుసు దాకా కిందకు వేలాడతాయి. బరువు కిందకు దిగి, రెండు పక్కలా సమంగా ఉంటే బండి ఒరగదు. అప్పుడు సీటు ఎత్తుగా పెట్టుకోవచ్చు, ఆగినప్పుడు సీటు మీది నుంచి ముందుకు దిగి నిలబడవచ్చు. 1991లో ఆయన మోకాలికి కావలసిన మందు రెండు గోనె సంచులు, ఒక స్పానరు.

కనుక పాఠకులారా, మీ ఇంటి వసారాలో పాత సైకిల్ ఉంటే ఈ సంగతులు చూడండి.

సీటు మీద కూర్చొని, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ ఉంచండి. మోకాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మాత్రం పాదం ముందు భాగం పెడల్ మీద ఉండాలి. అప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. చిప్ప ముందు నొప్పి వస్తే సాధారణంగా సీటు కిందకు ఉన్నట్టు, మోకాలి వెనుక నొప్పి వస్తే పైకి ఉన్నట్టు. ఒకేసారి లేపకండి, వారానికి అర అంగుళం చొప్పున లేపండి.

ఎత్తు ఎక్కలేకపోతుంటే వెనుక ఫ్రీవీలు పళ్ళు ఎక్కువున్నది వేయించండి. 18 పళ్ళకు బదులు 22 పళ్ళది వేస్తే అడుగు తేలికవుతుంది. బలంగా నెమ్మదిగా తొక్కడం కంటే తేలికగా చురుకుగా తొక్కడం మోకాళ్ళకు మేలు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతిలోని నాడి హ్యాండిల్‌కు నొక్కుకుంటున్నదని అర్థం. పట్టు మారుస్తూ ఉండండి. తొడల మధ్య తిమ్మిరి వస్తే సీటు ముక్కు పైకి లేచి ఉన్నదేమో చూసి సమం చేయండి. పది నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి. తగ్గకపోతే వైద్యుణ్ణి కలవండి.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే మధ్యస్థాయి. అయితే సైకిల్ ఒక్కటే చాలదు. బరువును సీటు మోస్తుంది కనుక ఎముకలకు పటుత్వం రాదు. నడక, కొద్దిపాటి బరువులెత్తడం కూడా ఉండాలి.

గుండె జబ్బు ఉన్నవారు, మెట్లెక్కితే ఛాతీలో బిగువు కలిగేవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు. ఇన్సులిన్ వాడేవారు జేబులో గ్లూకోజు ఉంచుకోండి. మన ఎండాకాలంలో ఎండెక్కకముందే ఇల్లు చేరండి. పాత ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకులు సరిగా పట్టవు, తగినంత దూరం ముందుగానే నొక్కాలి. చీకట్లో వెనుక ఎర్ర దీపం, తలకు హెల్మెట్ తప్పనిసరి. మా గోష్ఠిలో హెల్మెట్ లేనివారికి టీ ఇవ్వం.

ఆ బట్టల వ్యాపారి గారికి ఇప్పుడు రోడ్డు మీద సైకిల్ తగదు, పడితే తుంటి విరుగుతుంది. మేస్త్రీ ఒక పాత సైకిల్ వెనుక చక్రాన్ని నేలకు తగలకుండా ఇనుప స్టాండు మీద గట్టిగా నిలబెట్టి, సీటు కొలిచి బిగించి, వారి వసారాలో పెట్టి వచ్చాడు. పక్కన గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా బిగించాడు. పొద్దునా సాయంత్రం పది పది నిమిషాలు తొక్కుతున్నారు. మొన్న వెళ్ళినప్పుడు నన్ను ఒకే ప్రశ్న అడిగారు.

“ఇంకో అర అంగుళం లేపమంటారా అండీ?”

ఈసారి సమాధానం చెప్పేముందు వంగి, పెడల్ మీద ఆయన మడమ చూశాను.