రెండోసారి చేతులుంచిన ప్రభువు



మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గ్రుడ్డివాణ్ణి చూడండి. ప్రభువు అతని చెయ్యి పట్టుకొని ఊరి బయటికి నడిపించాడు. చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు నడుస్తున్న చెట్లలా ఉన్నారని అతడు ఉన్నమాట చెప్పాడు. ప్రభువు మళ్లీ చేతులుంచాడు. అప్పుడు అంతా తేటగా కనిపించింది.

ఈ భాగం ధ్యానిస్తుంటే మాకు ఒక కంటి డాక్టరుగారి పని గుర్తొచ్చింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో స్థాపించారు. మనకు దగ్గరలో విశాఖలోనూ దాని ఆసుపత్రి ఉంది. 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, 5 లక్షల జనాభాకు ఒక చిన్న ఆసుపత్రి, ఆపైన పెద్దాసుపత్రులు అన్నది వారి పద్ధతి. ఆ సంస్థలో డాక్టర్ ఆంథోనీ విపిన్ దాస్ గారు కళ్లు పరీక్షిస్తూనే, తన బృందంతో కలిసి ఐస్మార్ట్ అనే సాఫ్ట్‌వేర్ పనిని నడిపించారు. 2010 నుంచి చూపించుకున్న 20 లక్షల మందికి పైగా రోగుల వివరాలు అందులో చేరాయి.

దీని విలువ నీటికాసుల జబ్బులో తెలుస్తుంది. ఆ జబ్బుతో పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపును చుక్కల మందుతో కాపాడుకోవాలి. కంటి ఒత్తిడి పోయినసారి ఎంత, ఇప్పుడెంత అని డాక్టరు పోల్చి చూడాలి. చీటీ వానకు తడిసిపోయినా, పాత లెక్క కంప్యూటరులో ఉంటుంది.

అయితే మనిషే తిరిగి వెళ్లకపోతే ఆ లెక్క ఎవరికి ఉపయోగం? చాలామందికి నొప్పి ఉండదు గనుక, సీసా అయిపోగానే మానేస్తారు. "ప్రార్థన చేయించుకున్నాం కదా, మళ్లీ ఆసుపత్రికి వెళ్తే అవిశ్వాసం కాదా పాస్టరుగారూ?" అని అడిగేవారూ మనలో ఉన్నారు. ప్రియులారా, ప్రభువే రెండోసారి చేతులుంచాడు. ఇంకా మసకగా ఉందని చెప్పినవాణ్ణి ఆయన గద్దించలేదు. కాబట్టి మళ్లీ చూపించుకోవడం అవిశ్వాసం కాదు.

సాఫ్ట్‌వేర్ తేదీని గుర్తుపెట్టుకుంటుంది. ముసలమ్మను బస్సెక్కించి తోడు వెళ్లాల్సింది మనమే. యౌవనస్థులారా, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మన పెద్దల చీటీలు చదివి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో వారికి చెప్పండి. నడవలేనివారి చెయ్యి పట్టుకోండి. ప్రభువు మొదట చేసిన పని అదే.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.