పిట్టగోడ మీద ఇరవై రెండు స్లైడ్లు

వదినగారూ, రెండు కరివేపాకు రెబ్బలు తుంచి ఇటివ్వండి, పోపు మాడిపోతోంది. అవునూ, మీ చిన్నది రాత్రి పదకొండు దాకా మేడ మీద తనలో తనే మాట్లాడుకుంటూ తిరిగింది, విన్నారా? పొద్దున్నే అడిగితే సోమవారం డెయిరీ ఆఫీసులో ప్రెజెంటేషనట! పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు పిల్ల.

లాప్‌టాప్ తెచ్చి ఇదిగో, ఈ పిట్టగోడ మీదే పెట్టింది. ఇరవై రెండు స్లైడ్లు. మొదటి దాంట్లో కంపెనీ గుర్తు, రెండో దాంట్లో విషయసూచిక, మూడో దాంట్లో పాడిపరిశ్రమ ప్రాముఖ్యం. పాల డెయిరీ వాళ్ళకి పాడి ప్రాముఖ్యం చెప్పడమేమిటండీ! "ఇంతకీ వాళ్ళని ఏమడగబోతున్నావే?" అన్నాను. కాసేపు ఆలోచించి, "రెండు ఊళ్ళలో పాల కేంద్రాలకి బల్క్ కూలర్లు కావాలి అత్తయ్యా. సాయంత్రం పోసిన పాలు రాత్రంతా క్యాన్లలోనే ఉండి, పొద్దున డెయిరీకి వచ్చేసరికి విరిగిపోతున్నాయి. కూలరైతే 4 డిగ్రీలకి దింపేస్తుంది" అంది. చక్కటి మాట. అదెక్కడుందో చెప్పనా? పంతొమ్మిదో స్లైడులో, అట్టడుగున, చీమల్లాంటి అక్షరాల్లో.

దాన్ని తెచ్చి మొట్టమొదట పెట్టమన్నాను. "ముందే చెప్పేస్తే ఇంకేం వింటారు?" అని దాని బాధ. ఇదేమన్నా డిటెక్టివ్ నవలా, చివరి పేజీ దాకా దాచుకోడానికి?

అడుగున పడ్డ మాట సంగతి నవ్వులాట కాదు వదినగారూ. మన కల్పనా చావ్లా వెళ్ళిన కొలంబియా నౌక గుర్తుందిగా. 2003 జనవరి 16న అది ఎగురుతుండగా నురుగు ముక్కొకటి ఊడి ఎడమ రెక్కకి కొట్టుకుంది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజనీర్లు స్లైడ్లు వేసి పెద్దవాళ్ళకి చూపించారు. అందులో ఒక స్లైడు శీర్షిక చదివితే పెద్ద భయమేం లేదనిపిస్తుంది. కింద, చిట్టచివర ఉంది అసలు సంగతి: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఊడిందనుకున్నది 1920. అంటే 640 రెట్లు! ఫిబ్రవరి 1న తిరిగొస్తూ ఏడుగురూ పోయారు. ఆ స్లైడు వల్లే పోయారని నేననను. కానీ ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం తన నివేదికలో దాన్ని పనిగట్టుకుని ఎత్తిచూపింది.

సరే, మన పాల దగ్గరికొద్దాం. ఏడో స్లైడులో ఓ గ్రాఫు, కింద 'ఎంబీఆర్‌టీ' అని. అదేం జబ్బే అన్నాను. పకపకా నవ్వి, "పాలలో చుక్క నీలం రంగు వేస్తాం అత్తయ్యా. రంగు ఎంత తొందరగా పోతే అంత సూక్ష్మజీవులున్నట్టు" అంది. రెండు ముక్కల్లో నాకే అర్థమైపోయింది చూడండి! ఈ మాటే అక్కడా చెప్పు, గ్రాఫు తర్వాత చూపించు అన్నాను. వినేవాళ్ళలో ఉండే అకౌంట్స్ ఆయనకి నీలం రంగు గుర్తుంటుంది గానీ నాలుగు అక్షరాల పేరు గుర్తుంటుందా?

తెరకేసి తిరిగి చదవొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. నా అనుభవం నాది. బ్యాంకులో ఉండగా ఓసారి పెద్దాఫీసులో మా బ్రాంచి లెక్కలు చెప్పమంటే, తెర వైపు తిరిగి పొల్లు పోకుండా చదువుకుంటూ పోయాను. వెనక కిసుక్కుమని నవ్వులు. తీరా చూస్తే ప్రొజెక్టరుకి అడ్డం నిలబడ్డానట, మొండి బకాయిల అంకెలన్నీ నా తెల్ల చీర మీద!

గై కవాసాకి అనే ఆయన లెక్క ఒకటుంది: 10 స్లైడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్లకి తగ్గని అక్షరం. నన్నడిగితే పది కూడా ఎక్కువే, అక్షరం సంగతి మాత్రం రైటు. ఇంకోటి, ఊళ్ళ పేర్లు తెలుగులో కొట్టిందిట, పాత డీటీపీ ఫాంటులో. వాళ్ళ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలే కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి, ఎందుకైనా మంచిదని ఒక పీడీఎఫ్ కూడా పెట్టుకోమన్నాను.

బుర్రకథలో హాస్యం వంత ఉంటాడు చూడండి, ఏమీ తెలియనట్టు అడ్డుప్రశ్నలు వేస్తుంటాడు, కథకుడు విడమరిచి చెబుతుంటాడు. ఇవాళ ఆ వేషం నాది. నిలబెట్టి మొత్తం చెప్పించాను. మొదటిసారి నలభై నిమిషాలు. వాళ్ళిచ్చింది ఇరవయ్యే! నాలుగోసారికి పద్దెనిమిదికి దిగింది. మధ్యలో మనకి తెలిసిన ప్రశ్నే వేశాను: "కరెంటు పోతే పాలేం గాను?" జనరేటరుంటుందంది. "మరి డీజిలు ఖర్చు వేశావా?" అన్నాను. టక్కున ఆగిపోయింది. వెయ్యలేదట! ఇప్పుడు లోపల కూర్చుని ఆ లెక్కే కడుతోంది. స్లైడ్లు తొమ్మిదికి వచ్చాయి.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఇక్కడే మళ్ళీ చెబుతుంది, మీరూ రండి. కన్నతల్లి కదా అని మధ్యలో మురిసిపోకండి, అర్థం కానిచోటల్లా ఆపెయ్యండి.