రసం డబ్బా వెళ్ళే ఊరు

పిల్లలూ, ప్రయాణాలలో మీరు మామిడిరసం డబ్బా కొనుక్కునే ఉంటారు. చేతిలో ఇమిడే బుల్లి అట్టడబ్బా. రసం తాగటం కాగానే దానితో మన పని తీరిపోతుంది. కాని డబ్బా కథ అక్కడితో ముగియదు. ఎవరైనా దాన్ని జాగ్రత్తగా చేర్చవలసిన చోటికి చేరిస్తే, అది కూడా రైలెక్కినంత దూరం ప్రయాణం చేస్తుంది. ఈసారి దాని వెంట మనమూ వెళదాం, రండి!

మనం వెళ్ళే ఊరు పాల్ఘర్. అది ముంబయికి ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళి, దాదర్‌లో పశ్చిమ రైల్వే బండి ఎక్కాలి. విరార్ దాకా కిటికీలోంచి ఎటు చూసినా మేడలే. విరార్ దాటిన తరవాత వైతరణ నది వస్తుంది. పేరు వినగానే పురాణాలలోని వైతరణి జ్ఞాపకం వచ్చి భయపడకండి. ఇది మామూలు నదే. దాని ఒడ్డున మడ అడవులు పచ్చగా పెరుగుతాయి. వంతెన దాటి మరికొంత దూరం వెళితే పాల్ఘర్ స్టేషను వస్తుంది.

ఈ ప్రాంతానికి పడమట సముద్రం, తూర్పున కొండలు. ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో తెల్లని బొమ్మలు వేసే వార్లీ గిరిజనులు ఈ జిల్లాలోనే ఉంటారు. ఇక్కడే, వాడి పారేసిన అట్టడబ్బాలను గట్టి పలకలుగా మార్చే పని కూడా జరుగుతున్నది.

అసలు ఈ డబ్బా ఎక్కడ పుట్టింది? స్వీడన్‌లోని లుండ్ నగరంలో. రూబెన్ రౌసింగ్ అనే ఆయన 1951లో అక్కడ టెట్రా ప్యాక్ సంస్థను స్థాపించాడు. మొదటి డబ్బా మీ జ్యూసు డబ్బాలాగా ఉండేది కాదు; నాలుగు ముక్కోణాలు కలిపినట్టుండేది. ఆ ఆకారం వల్లనే దానికా పేరు వచ్చింది. మన దేశంలో 1985లో ఫ్రూటీ మామిడిరసం ఇలాంటి అట్టడబ్బాలో వచ్చింది.

చూడటానికి అది ఒట్టి అట్టే. కాని చాలాకాలం నిలవుండే రసం పోసే డబ్బాలో మొత్తం ఆరు పొరలుంటాయి. అట్ట డబ్బాకు బలాన్నిస్తుంది. పాలిథీన్ పొరలు తడిని ఆపుతాయి. అల్యూమినియం రేకు వెలుతురునూ, గాలినీ లోపలికి రానివ్వదు. ఆ రేకు ఎంత పలచనో తెలుసా? మన తల వెంట్రుక మందంలో ఇంచుమించు పదో వంతు!

ఖాళీ అయిన చిన్న డబ్బా సుమారు 10 గ్రాములు తూగుతుంది. అలాంటివి నూరు కలిస్తే కిలో. ఆ కిలోలో దాదాపు 750 గ్రాములు అట్ట, 200 గ్రాములు పాలిథీన్, 50 గ్రాములు అల్యూమినియం ఉంటాయి. అన్నీ పనికివచ్చే సరుకులే. కాని అవి ఒకదాన్నొకటి గట్టిగా అంటుకుని ఉంటాయి. చిక్కంతా అక్కడే వచ్చింది!

ఈ చిక్కు విడిపోవటానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి కాగితం మిల్లు దారి. పెద్ద తొట్టిలో డబ్బాలూ నీళ్ళూ పోసి గిరగిరా తిప్పుతారు. అట్ట నాని గుజ్జయి నీళ్ళలో కలిసిపోతుంది. ఆ గుజ్జుతో మళ్ళీ కాగితమో, అట్టో చేస్తారు. పాలిథీనూ, అల్యూమినియమూ విడిగా మిగులుతాయి.

రెండోది పలకల దారి. ఇందులో పొరలను విడదీయనే విడదీయరు. డబ్బాలను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, దళసరిగా పరిచి, వేడి యంత్రం కింద అదుముతారు. వేడికి పాలిథీన్ కరిగి, తానే జిగురుగా మారి, ముక్కలన్నిటినీ పట్టుకుంటుంది. వేరే జిగురు అక్కరలేదు. చల్లారితే గట్టి పలక తయారు! అంటుకుని ఇబ్బంది పెట్టిన పాలిథీనే ఇక్కడ సాయపడుతుంది, చూశారా? ఇలాంటి పలకలతో బల్లలూ, బెంచీలూ చేస్తారు. ముంబయిలో డబ్బాలు పోగుచేసి, వాటితో చేయించిన బల్లలను బడులకు ఇచ్చారు కూడా. ఎవరో తాగిన రసం డబ్బాల మీద పుస్తకం పెట్టుకుని మరొకరు చదువుకున్నారన్నమాట!

అయితే డబ్బాలన్నిటికీ ఈ అదృష్టం పట్టదు. చిత్తుకాగితాలు ఏరుకునేవారికి బరువును బట్టి డబ్బు వస్తుంది. కిలో కోసం వాళ్ళు నూరుసార్లు వంగాలి. అందులోనూ అన్నం మెతుకులతో, కూరతో కలిసి కుళ్ళిన డబ్బా అయితే ఎవరు ముట్టుకుంటారు? అది చెత్తకుప్పకే పోతుంది. అట్ట నానిపోయినా, ప్లాస్టిక్కూ రేకూ ఏళ్ళ తరబడి మట్టిలో అలాగే పడి ఉంటాయి. కాల్చేద్దామనుకుంటే చెడ్డ పొగ వస్తుంది.

మరొక సంగతి. కాగితపు నార నానబెట్టిన ప్రతిసారీ కొంచెం పొట్టిదవుతుంది. అందుచేత ఎన్నిసార్లయినా కొత్తది చేసుకోవచ్చుననుకుని అక్కరలేని డబ్బాలు కొనకూడదు.

కొన్నప్పుడు మాత్రం మీరు చేయగలిగిన పని ఒకటున్నది. చివరి చుక్క దాకా తాగండి. డబ్బాను కాసిని నీళ్ళతో తొలిచి, అణగదొక్కి, ఆరబెట్టి పొడిచెత్తలో వేయండి. తరగతిలో అందరూ కలిసి ఒక సంచిలో పోగుచేసి, ఏరుకుని అమ్మేవారికి ఇస్తే మరీ మంచిది. నూరుసార్లు వంగే శ్రమ వారికి తప్పుతుంది.

పాల్ఘర్ ఎంతో దూరాన ఉన్నది. కాని ఆ దారిలో మొదటి స్టేషను మాత్రం మీ వంటింట్లోనే ఉన్నది, తెలిసిందా?