తాత ఆరె, బాటా కంపెనీ

మొన్న ఒక డిగ్రీ పిల్లగాడు ప్రాజెక్టు తెచ్చిండు. పెద్ద కంపెనీలు ఎట్ల ఎదిగినయో రాయాలంట. బాటా తీసుకున్నడు. తెలుగు సార్ని గదా, తప్పులు దిద్దమన్నడు. దిద్దినంక మెల్లగ అడిగిండు: "సార్, ఊరికి చెప్పులు కుట్టింది మనోళ్లే గదా. మనకు బాటా ఎందుకు లేదు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

టొమాష్ బాటా గూడ చెప్పులు కుట్టే ఇంట్ల పుట్టినోడే. 1894ల, ఇప్పటి చెక్ దేశంల జ్లిన్ అనే చిన్న ఊర్ల, తోబుట్టువులతోని కంపెనీ పెట్టిండు. ఏడాదికే అప్పులపాలైండు. తోలుకు పైసల్లేక గుడ్డతోని బూట్లు కుట్టిండు. అవే నిలబెట్టినయ్. 1904ల అమెరికా పోయి యంత్రాల పని నేర్సుకున్నడు. మొదటి ప్రపంచయుద్ధంల సైనికులకు బూట్లు చేసిండు. 1922ల గిరాకీ పడిపోతే ధరలు సగానికి తగ్గించిండు. 1931ల కలకత్తా దగ్గర కొన్నగర్‌ల మన దేశపు కంపెనీ మొదలైంది. తర్వాత బాటానగర్ అని ఊరే లేచింది.

మా తాతకు ఆరె, రంపె తెలుసు. లందల తంగేడు చెక్కతోని తోలు ఊనుడు తెలుసు. హాలియా చుట్టుపక్కల మోటబావులకు తోలుబొక్కెనలు కుట్టింది ఆయనే. వాటికి ధర లేదు. కళ్లంల ఎన్ని గింజలు పెడితే అన్నే. ఊరందరికీ చెప్పులు కుట్టినోడు, దొర ఇంటి ముంగట తన చెప్పులు చేతబట్టుకొని నడిచిండు.

1967ల సాగర్ నీళ్లు కాల్వలకొచ్చినయ్. ఎడమ కాల్వ కింద మోటలు మూలకువడ్డయ్. అంగట్ల రబ్బరు చెప్పులు దిగినయ్. కాల్వ పొలాలకొచ్చింది, మాకు పొలాల్లేవు. తాత కూలికి పోయిండు.

బాటా తెలివైనోడే, కాదనను. తోలు అందకుంటే గుడ్డ పట్టిండు. కాలం మారినప్పుడల్లా కంపెనీ పెరిగింది. అదే కాలం మారితే తాత పని పోయింది. తేడా చేతి పనితనంల లేదు. ఆయన కుట్టినదానికి ఆయనే ధర కట్టిండు. కొత్త ఊరికి పోయి అమ్మిండు. మునిగినా మళ్ల లేచే సందు దొరికింది. తాతకు ధర చెప్పే హక్కే లేదు. ధర చెప్పనియ్యని కాడ పెట్టుబడి ఎట్ల పుడ్తది? పైనుంచి, "మీకు వ్యాపారం తెల్వదు" అంటరు.

పిల్లగానికి పొద్దున చెప్పిన: "బాటా గురించి మంచిగ రాసినవ్ బిడ్డా. ఆఖర్ల ఒక పేజీ మీ తాతకు పెట్టు. పెట్టుబడి, అమ్మకం, లాభం అన్ని గడులూ ఖాళీ ఉంటయ్. ఎందుకు ఖాళీ ఉన్నయో రాయి. మార్కులు తగ్గితే నేనొచ్చి మాట్లాడ్త."

జై భీమ్.