మూడో వరస నుంచి ఒక సందేహం

చప్పట్లతో సరిపెట్టేసే సభలంటే నాకు గిట్టదు. ఇంటర్నెట్లో టెడ్ అనే సభల ప్రసంగం చూసినప్పుడల్లా ఇదే చిరాకు. గుండ్రటి ఎర్ర తివాచీ మీద ఒక మనిషి వచ్చి నిలబడతాడు. చేతిలో కాగితం ఉండదు, చెంప పక్కన కనీకనపడని మైకు. చిన్నప్పుడు వాళ్ల తాతగారు ఏమన్నారో చెప్పి మొదలుపెడతాడు. పన్నెండో నిమిషంలో గొంతు కాస్త జీరపోతుంది. పదిహేడో నిమిషానికి ప్రపంచం బాగుపడిపోతుంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఇంత జరిగినా ఒక్కరూ చెయ్యెత్తి "అయ్యా, నాకో సందేహం" అనరు. ఎప్పుడో ఒకసారి నిర్వాహకుడే వేదికెక్కి ఒకటి రెండు ప్రశ్నలు వేస్తాడు, అవీ సన్మానపత్రం చదివినంత మెత్తగా ఉంటాయి.

టెడ్ వక్తలకు పెట్టే పద్దెనిమిది నిమిషాల గడువుతో మాత్రం నాకు పేచీ లేదు. తెలుగు సభల్లో పెరిగిన ఎవరికీ ఉండదు. "సమయాభావం వల్ల రెండు ముక్కలు చెప్పి విరమిస్తాను" అన్న పెద్దమనిషి ఆ రెండు ముక్కలకీ ముప్పావుగంట తీసుకోవడం చూశాం. వేదిక మీది పదిమందినీ పేరుపేరునా, బిరుదుబిరుదునా సంబోధించడానికే ఆరు నిమిషాలు పట్టడం చూశాం. అధ్యక్షుడు పంపిన చీటీని చదివి, మడిచి, జేబులో వేసుకుని "ఇంకొక్క విషయం" అన్నవాళ్లనీ చూశాం. మాట్లాడేవాడి కళ్ల ముందు ఎర్రంకెల గడియారం వెనక్కి పరిగెత్తే ఆ ఏర్పాటు మన ఊళ్లకు వస్తే గడియారం ఖర్చు నేను పెట్టుకుంటాను.

అసలు ఈ టెడ్ సభ మొదలైనప్పుడు ఇంత ఆర్భాటం లేదు. 1984లో రిచర్డ్ సాల్ వుర్మన్ అనే ఆర్కిటెక్టు, హ్యారీ మార్క్స్ అనే టీవీ డిజైనరుతో కలిసి కాలిఫోర్నియాలోని మాంటెరేలో పెట్టాడు. అప్పటికి కొత్త వింత అయిన కాంపాక్ట్ డిస్క్‌ను అక్కడ చూపించారు. గణితవేత్త మాండెల్‌బ్రాట్ వచ్చి తన ఫ్రాక్టల్ లెక్కల గురించి చెప్పాడు. అంత సరుకున్నా డబ్బు పోయింది. రెండోసారి పెట్టడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. 2001లో క్రిస్ ఆండర్సన్ అనే ఆయన ఫౌండేషన్ చేతికి వెళ్లింది, 2006లో ప్రసంగాలు ఇంటర్నెట్టెక్కాయి, 2009 నుంచి టెడ్‌ఎక్స్ పేరుతో ఎవరి ఊళ్లో వాళ్లు పెట్టుకునే వీలొచ్చింది. ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా ఆ ఎర్ర తివాచీ పరుస్తున్నారు. బళ్లు పిల్లల సృజనను చంపేస్తున్నాయా అని కెన్ రాబిన్సన్ 2006లో చేసిన ప్రసంగాన్ని కోట్లమంది చూశారు. అన్నట్టు అది పద్దెనిమిది నిమిషాలు దాటింది. అంత నవ్వించేవాడికి చీటీ ఎవరు పంపుతారు?

నా గోల గడియారం గురించి కాదు, మా లెక్కల మాస్టారి గురించి.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరిగేవి. రోజుకో ఉపన్యాసం. మాస్టారు రిటైరైన మనిషి. మూడో వరసలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టి, దాని పిడి మీద రెండు చేతులూ ఆనించి వినేవారు. ఉపన్యాసం సాగినంతసేపూ తల ఊపేవారు కాదు. అది చూసి సగంమంది వక్తలకు మాట తడబడేది. ముగియగానే లేచేవారు. "చాలా బాగా చెప్పారండీ. ఒక్క చిన్న సందేహం." మేం వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చునేవాళ్లం. మా మట్టుకు అసలు సభ అప్పుడే మొదలు.

ఒక ఏడాది పట్నం నుంచి వ్యక్తిత్వ వికాసం చెప్పే ఆయన వచ్చాడు. సూటు, టై. మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడు, మిగతా తొంభై మేల్కొలిపితే మనలో ప్రతివాడూ ఐన్‌స్టీనే అన్నాడు. హాలు దద్దరిల్లింది. మాస్టారు లేచారు. "చాలా బాగా చెప్పారండీ. ఒక్క చిన్న సందేహం. మా బావమరిది సైకిలు మీంచి పడ్డాడు. తలకి ఇంత దెబ్బ. కుడి చెయ్యి పడిపోయింది. మరి ఆ దెబ్బ ఖర్మ కాలి సరిగ్గా ఆ పది శాతంలోనే తగిలిందంటారా?" సూటాయన "చాలా మంచి ప్రశ్న" అని నీళ్లు తాగాడు. ఇంకా తాగుతుండగానే లైబ్రేరియన్ గారు వందన సమర్పణకు లేచారు. మెదడు గురించి ఆ తర్వాత నేను చాలా చదివాను. ఆ పది శాతం మాటను ఇంత పొట్టిగా కొట్టిపారేసినవాళ్లు మళ్లీ కనపడలేదు.

ఎమీ కడ్డీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 2012లో ఇచ్చిన టెడ్ ప్రసంగం చూస్తుంటే మాస్టారే గుర్తొచ్చారు. నడుం మీద చేతులు పెట్టి, కాళ్లు ఎడంగా వేసి రెండు నిమిషాలు ధీమాగా నిలబడితే ఒంట్లో టెస్టోస్టిరాన్ పెరుగుతుందనీ, కార్టిసాల్ తగ్గుతుందనీ, ఇంటర్వ్యూకి అలా తయారై వెళ్లమనీ ఆవిడ చెప్పింది. ఎన్ని ఆఫీసుల బాత్‌రూముల్లో ఎంతమంది అద్దం ముందు అలా నిలబడ్డారో దేవుడికే తెలియాలి. మాస్టారైతే "ఎంతమంది మీద చేశారమ్మా?" అని అడిగేవారు. ఆ మాటకు ఆధారమైన, 2010లో అచ్చైన పరిశోధనలో ఉన్నది 42 మంది. 2015లో వేరేవాళ్లు 200 మంది మీద చేసి చూస్తే, ధీమాగా అనిపించిందన్నారు కానీ హార్మోన్లు కదల్లేదు. మొదటి పరిశోధనలో ముందు పేరున్న డేనా కార్నీ కూడా 2016లో ఆ ఫలితాన్ని ఇక నమ్మనని బాహాటంగా ప్రకటించింది. ధీమా అనిపించడం మాత్రం నిజమేనని కడ్డీ ఇప్పటికీ అంటుంది. సరే, ఉండనీ. కానీ ఈ గొడవంతా పత్రికల్లో, ప్రొఫెసర్ల మధ్య నడిచింది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమందికి చేరి ఉంటుంది?

సుగత మిత్ర సంగతి ఇంకొకటి. 1999లో ఢిల్లీ కాల్కాజీలో ఆఫీసు గోడకు కన్నం పెట్టి, అవతలి మురికివాడ పిల్లలకు కంప్యూటర్ అందేలా చేసిన మనిషి. 2013లో పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి అందుకున్నాడు. నాకు ఆయనంటే ఇష్టమే. అయితే ఆయన ఒక ప్రసంగంలో మన హైదరాబాదు పిల్లల కథ చెబుతాడు. గట్టి తెలుగు యాసతో ఇంగ్లిషు మాట్లాడే పిల్లలకు, పలికింది టైపు చేసే కంప్యూటర్ ఇచ్చాడట. వాళ్ల మాట దానికి ఎక్కలేదు. దానికి అర్థమయ్యేదాకా మాట్లాడండర్రా అని వదిలేసి రెండు నెలల తర్వాత వచ్చి చూస్తే యాస మారిపోయి, బ్రిటిష్ పలుకుబడికి దగ్గరగా వచ్చిందట. పిల్లల తెలివికి నేనూ మురిశాను. కానీ పక్కన మాస్టారుంటే గొడుగు ఆనించి లేచేవారు: "ఆ యంత్రానికే మన యాస నేర్పచ్చు కదండీ?" ఆ పని ఇప్పుడు జరుగుతూనే ఉంది.

మాస్టారు కూడా లేచి ఉండని ప్రసంగం ఒకటుంది. 2009 నవంబరులో మైసూరులో జరిగిన టెడ్ఇండియాలో, హైదరాబాదులో ప్రజ్వల సంస్థ నడిపే సునీతా కృష్ణన్ మాట్లాడింది. అమ్మకానికి గురైన ముగ్గురు పిల్లల గురించి చెప్పి, మీ మౌనం మానుకోండి, బయటపడ్డ పిల్లల్ని మీలో కలుపుకోండి అంది. అక్కడ ప్రశ్న వేసింది ఆవిడే. జవాబు చెప్పాల్సింది కుర్చీల్లో ఉన్నవాళ్లు.

పొట్టి ప్రసంగం అమెరికావాళ్లు కనిపెట్టారనుకునే కుర్రాళ్లకు రేడియో సంగతి తెలియదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో ప్రసంగం అంటే పది పదిహేను నిమిషాలే. ముందే రాసి ఇవ్వాలి, గడియారం చూసుకుని చదవాలి. ఎంత పండితుడైనా సరే. ఇక ప్రశ్నలంటారా, అక్కడే ఉషశ్రీ ధర్మసందేహాల కార్యక్రమం ఉండేది. శ్రోతలు ఉత్తరాలు రాస్తే ఆయన చదివి జవాబులు చెప్పేవారు. రామాయణ భారతాల్లో ఎవరికే అనుమానమొచ్చినా కార్డు ముక్క మీద గీకి పడేయడమే. కొన్నిటికి ఓపిగ్గా, కొన్నిటికి కాస్త కసురుతూ చెప్పేవారు. ఆ కసురు వినడానికే మా ఇంట్లో రేడియో గొంతు పెంచేవారు. పక్కింటివాళ్లూ పెంచేవారు. కాబట్టి వీధి చివర ఉన్నా ఒక్క మాట తప్పిపోయేది కాదు.  

మీ ఊళ్లోనో మీ కాలేజీలోనో ఇలాంటి సభ పెట్టే ఉద్దేశం ఉంటే నాదొక మనవి. ఎర్ర తివాచీ పరవండి, గడియారమూ పెట్టండి. ఒక వక్తను తగ్గించి ఆ పద్దెనిమిది నిమిషాలూ ప్రశ్నలకు వదలండి. మైకు సెట్టు అబ్బాయితో ముందే చెప్పి, తీగ మూడో వరస దాకా వచ్చేలా చూసుకోండి.