కణుపు మీద కత్తి



నందివాడలో పుట్టి పెరిగిన నాకు వెదురు కొత్త కాదు. చేపల చెరువుల్లో మేత సంచులు కట్టే గడలు వెదురువే. కొల్లేటిలో దోనె తోసే గడ వెదురుదే. మన మందిరం పాకగా ఉన్న రోజుల్లో దాని వాసాలు కూడా వెదురువే. కానీ వెదురుతో విల్లు ఎలా చేస్తారో యాభై ఏళ్ళు దాటేదాకా నేను చూడలేదు. మన యౌవనస్థులకు విల్లు అంటే విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ గుర్తొస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమె చేతిలోది కప్పీలు, తీగలు ఉన్న విల్లు. నేను చెప్పబోయేది కత్తి, పొయ్యి, ఓపిక తప్ప ఇంకే సాధనమూ లేకుండా చేసే విల్లు గురించి.

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, చింతూరు ఏజెన్సీలో ఒక కోయ గూడెంలో ఐదు రోజుల కూడికలకు నన్ను పిలిచారు. గుడివాడ నుంచి ఏలూరు, జంగారెడ్డిగూడెం, భద్రాచలం మీదుగా వెళ్ళాను. కూడికలు సాయంత్రం పూట. పగలంతా ఖాళీ. నిజం చెప్పాలంటే ఇంటి నుంచి నాలుగు రోజులు దూరంగా ఉండడం నాకు ఆ సమయంలో ఊరటగానే ఉంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను బస చేసిన ఇంటి పక్కనే ఒక తాత ఉండేవాడు. రోజూ కూడికకు వచ్చి చివర కూర్చుని, ప్రార్థన అవగానే లేచి వెళ్ళిపోయేవాడు. భూమి పండుగ నాటికి మనవడికి విల్లు కావాలని చేస్తున్నాడు. ఇప్పుడు వేట చట్టరీత్యా నేరం. అయినా పండుగకు మగపిల్లాడి చేతిలో విల్లు ఉండాలని ఆ పెద్దల పట్టుదల.

తాత పొయ్యి పైన అటక మీద వెదురు బద్దలు పెట్టి ఉన్నాయి. వానలు వెనకబట్టాక, ముదిరిన బొంగు చూసి నరుకుతారట. లేత బొంగు ఆరితే ముడుచుకుపోతుంది. నరికినదాన్ని ఎండలో పడేస్తే పగులుతుంది. అందుకే పొయ్యి పొగలో నెలల తరబడి నెమ్మదిగా ఆరనిస్తారు. పొగ పట్టిన వెదురును పురుగు కూడా అంత తొందరగా ముట్టదు.

"నేనూ ఒకటి చేస్తాను తాతా" అన్నాను. ఆయన నవ్వి అటక మీది నుంచి ఒక బద్ద తీసి ఇచ్చాడు. అది కొండ రాళ్ళ మధ్య పెరిగిన గట్టి వెదురు. కణుపులు దగ్గర దగ్గరగా, ఉబ్బి ఉన్నాయి. మధ్యలో ఒక వంకర. "మంచిది ఇవ్వొచ్చుగా" అన్నాను. "అన్నీ ఇట్టాంటివే అయ్యా. తిన్నగా ఉన్నది వెతుక్కుంటూ పోతే పండుగ దాటిపోద్ది" అన్నాడు.

మొదటి రోజు వంకర తీయడం. నిప్పుల మీద, మంట తగలకుండా, బద్దను అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. కాసేపటికి వెదురు పైన చెమట పట్టినట్టు నూనె తేలింది. అప్పుడు మోకాలికి ఆనించి, మెల్లగా వంచి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చల్లారేదాకా వదల్లేదు. వేడిగా ఉండగానే వదిలేస్తే మళ్ళీ పాత వంకరకే పోతుంది. ఎక్కువ కాస్తే మాడి పెళుసవుతుంది.

రెండో రోజు చెక్కడం. వెదురు బలమంతా పై పెంకు దగ్గర ఉంటుంది. పీచు అక్కడే దట్టం. లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. తాత విల్లు చేసేటప్పుడు ఆ పెంకు వైపును బయటికి ఉంచి, కత్తి ఎప్పుడూ లోపలి వైపే పెట్టేవాడు. నారి లాగినప్పుడు సాగే భారమంతా బయటి వైపే మోస్తుంది మరి. కణుపు దగ్గర ఇంకా జాగ్రత్త. కణుపుకీ కణుపుకీ మధ్య తిన్నగా పోయే పీచు, కణుపు దగ్గరకు వచ్చేసరికి మెలి తిరుగుతుంది. కొంత అడ్డంగా లోపలికి మళ్ళుతుంది. అక్కడ పైన గీరితే పీచు తెగుతుంది. అందుకే తాత కణుపుల ఉబ్బును అలాగే వదిలేశాడు. ఆయన విల్లు చూడ్డానికి అంత అందంగా ఏమీ లేదు.

మధ్యాహ్నం ఆయన పొలానికి వెళ్ళాడు. నేను నా బద్ద పట్టుకుని కూర్చున్నాను. ఆ కణుపులు నా కళ్ళకు నచ్చలేదు. కత్తి తీసుకుని, పై వైపున ఒక్కో కణుపునూ నున్నగా చెక్కేశాను. గాజు పెంకుతో గీకి మెరుగు పెట్టాను. చేత్తో తడిమితే ఎక్కడా తగలడం లేదు. ఎంత సంతోషపడ్డానో!

మూడో రోజు పొద్దున వెదురు బద్దతోనే చేసిన నారి కట్టి, గుంజకు ఆనించి లాగి చూడడం. ఒక్కసారిగా నిండా లాగకూడదు. జానెడు లాగాలి, రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయా చూడాలి. బిగుసుకున్న వైపు లోపల ఇంకాస్త చెక్కాలి, మళ్ళీ లాగాలి. తాత విల్లుకు ఈ పనే పూటంతా పట్టింది. నా విల్లు రెండో లాగుకే 'టప్' మంది. సరిగ్గా నేను నున్నగా చెక్కిన కణుపు దగ్గర పీచు లేచి, చీలిపోయింది.

తాత విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని కణుపు మీద బొటనవేలు రాశాడు. కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు. "చూడ్డానికి బాగుండాలని చెక్కావా అయ్యా, వంగాలని చెక్కావా?"

ప్రియులారా, నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన అడిగింది వెదురు గురించే. నాకు వినబడింది మాత్రం మా చిన్నవాడి గురించి.

మీలో చాలామందికి తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మన మండలంలో ఊళ్ళూ చెరువులూ ఏకమయ్యాయి. మా చిన్నవాడు అప్పు తెచ్చి ఒక చిన్న చెరువు కౌలుకు తీసుకుని ఉన్నాడు. గట్టు మునిగింది, చేపలన్నీ వరదతో పోయాయి. ఆ తర్వాత వాడు ఇంట్లో మాట్లాడడం తగ్గించాడు. రాత్రుళ్ళు ఆలస్యంగా వచ్చేవాడు. తాగుతున్నాడని విన్నాను. ఆదివారం మందిరానికి వస్తే చివరి వరసలో కూర్చునేవాడు. అలా వచ్చిన ఒక ఆదివారం, నేను 127వ కీర్తన బోధిస్తున్నాను. పిల్లలు బలవంతుని చేతిలోని బాణాలవంటివారని అక్కడ ఉంది. మాటల వేగంలో నేను అన్నాను, "కొన్ని బాణాలు వంకరగా పుడతాయి. సేవకుడి ఇంట్లో కూడా ఒకటి ఉంది." కొందరు నవ్వారు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. వాడు లేచి బయటికి వెళ్ళాడు. ఆ తర్వాత మందిరానికి రాలేదు.

అది గద్దింపు అనుకున్నాను. పరిశుద్ధత కోసం పట్టుదల అనుకున్నాను. తాత ప్రశ్న ముందు నిలబడి చూస్తే, నా కొడుకు మారాలని కాదు, సేవకుడి ఇల్లు నలుగురిలో నున్నగా కనబడాలని కత్తి పట్టాను. వాడి భారమంతా మోస్తున్న చోటే, పై పెంకు మీదే పెట్టాను. మనిషికి పరువే ఆ పెంకు. వరద మిగిల్చింది అదొక్కటే. దాన్ని నేను గీకేశాను.

తండ్రులు పిల్లలకు కోపం పుట్టించకూడదని, లేకపోతే వాళ్ళ మనసు కుంగిపోతుందని కొలస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 21వ వచనంలో పౌలు హెచ్చరించాడు. ఎన్ని పెళ్ళిళ్ళలో ఆ మాట చదివానో లెక్కలేదు.

మన ప్రభువు పేతురును ఎలా సరిచేశాడో యోహాను సువార్త 21వ అధ్యాయం మళ్ళీ చదవండి. అక్కడ కూడా నిప్పులున్నాయి. కానీ ఆ నిప్పుల మీద చేపలు కాలుతున్నాయి. రాత్రంతా వలలు లాగి వచ్చినవాళ్ళకు ముందు భోజనం పెట్టాడు. తర్వాతే అడిగాడు. అడిగింది కూడా "నన్ను ఎందుకు ఎరుగనన్నావు?" అని కాదు, ప్రేమిస్తున్నావా అని. ఒక్కసారి అడిగి వదల్లేదు, మూడుసార్లు అడిగాడు. పేతురు నొచ్చుకున్నాడు, కానీ విరగలేదు. గొర్రెలను మేపే పని అతని చేతికే ఇచ్చాడు. ఆయన లోపలి వైపు నుంచి పని చేస్తాడు. చల్లారేదాకా చెయ్యి వదలడు.

ఇంటికి వచ్చాక మా చిన్నవాడు కాపలా ఉంటున్న చెరువు గట్టుకు వెళ్ళాను. వాళ్ళమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకెళ్ళాను. ఇద్దరం తిన్నాం. విరిగిన ముక్క చూపించి జరిగింది చెప్పాను. తప్పు నాదన్నాను. వాడు ముక్కను చాలాసేపు తిప్పి చూసి, "ఇంట్లో చెప్తే సరిపోద్దా నాన్నా? అన్నది గుడిలో కదా" అన్నాడు.

న్యాయమే. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. పోయిన ఆదివారం పులపీఠం మీద నుంచి చెప్పాను. ఆ రోజు రానివారి కోసం, ఊరు విడిచి దూరంగా ఉండి ఇక్కడ చదివేవారి కోసం, వాడి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. నా కుమారుడు వంకర బాణం కాదు. బరువు మోస్తున్నవాడు. ఆ మాట అన్నందుకు మీ ముందు క్షమాపణ అడుగుతున్నాను. ఆ రోజు నవ్వినవారు కూడా వాడు దారిలో కనబడితే దయచేసి పలకరించండి. మందిరానికి ఎందుకు రావడం లేదని మాత్రం అడగవద్దు.

వాడు ఇంకా రాలేదు. తాగుడు కూడా పూర్తిగా మానలేదు. కానీ శనివారాలు నేను క్యారేజీ తీసుకుని గట్టుకు వెళ్తున్నాను. మేత సంచులు కట్టేటప్పుడు గడ పట్టుకోమంటాడు, పట్టుకుంటాను. తొందర లేదు.

విరిగిన ముక్క నేను ప్రసంగం రాసుకునే బల్ల మీద ఉంది. ఎవరి గురించైనా గట్టిగా రాయబోయే ముందు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుంటున్నాను. మీ ఇంట్లో కూడా మీకు నచ్చని కణుపు ఉన్న మనిషి ఎవరైనా ఉంటే, కత్తి తీసే ముందు తాత ప్రశ్న మిమ్మల్ని మీరు అడుక్కోండి.

ప్రభువా, మమ్మల్ని విరగకుండా వంచిన నీ చేతుల ఓపిక మా చేతులకూ నేర్పుము. ఆమేన్.